నౌపడ ఉప్పు గోదాము, 1:87 స్కేలు: గోడ పెచ్చులు, రేకు తుప్పు

నౌపడ762

నౌపడ–పర్లాకిమిడి నేరో గేజ్ మోడల్ రైలు లేఅవుట్‌లో సైడింగ్ (సరుకు బళ్లు నిలిపే పక్క పట్టా) పక్కన నిలబెట్టడానికి ఉప్పు గోదాము మొదలుపెడుతున్నాను. ఫలానా కట్టడానికి నకలు కాదు. ఇటుక గోడ, సున్నపు పూత, జింకు రేకుల కప్పు, ముందు వేపు అరుగు: ఉప్పుమడుల పక్కన ఉండాల్సిన తరహా షెడ్డు.

కొత్తగా చేరినవాళ్ల కోసం స్కేలు లెక్క. ఆ లైను గేజు 762 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 8.75 వస్తుంది. ఎన్ గేజ్ అనే చిన్న మోడల్ రైళ్ల పట్టాల మధ్య దూరం 9 మి.మీ. పావు మిల్లీమీటరు తేడా కంటికి కనబడదు. అందుకే కట్టడాలు, బళ్లు 1:87లోను, పట్టాలు మాత్రం ఎన్ గేజ్‌వీ. 1900లో మొదలైన ఈ లైనులో నేరో గేజ్ బండి 2004లో ఆగింది. నేను తీసుకున్న కాలం 1980లు.

షెడ్డు అసలు కొలత 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, చూరు దగ్గర గోడ ఎత్తు 3.6 మీటర్లు. మోడల్‌లో 138 × 69 × 41 మి.మీ. కప్పు వాలు 25 డిగ్రీలు, కాబట్టి పక్కగోడ ముక్కోణం ఇంకో 16 మి.మీ. పైకి లేస్తుంది. తలుపు 2.4 × 2.7 మీటర్లు, అంటే 27.5 × 31 మి.మీ.

రంగు డబ్బా మూత తీసే ముందే ఒకటి తేల్చుకోవాలి: ఈ షెడ్డులో నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి, ఎక్కడ ఆగుతాయి, ఎక్కడ ఆరతాయి. ఆ మూడూ కాగితం మీద గీసుకుంటే తుప్పు ఎక్కడ వేయాలో, పెచ్చు ఎక్కడ ఊడాలో ఇంకొకర్ని అడగక్కర్లేదు. గోడ, కప్పు, నేల దేనికది తెలిసినవాళ్లు చెప్పండి.

సాలూరు_రైల్‌బస్

గోడకి 5 మి.మీ. సన్‌బోర్డ్ (గట్టి ప్లాస్టిక్ నురుగు అట్ట) తీసుకోండి. పాత ఇటుక గోడ మందం సుమారు 450 మి.మీ. ఉంటుంది, 1:87లో అది 5.2. బోర్డు మందమే గోడ మందం అవుతుంది. తలుపు సందులోంచి చూసినప్పుడు ఆ మందం కనిపించాలి. 2 మి.మీ. బోర్డుతో కడితే ఎంత బాగా రంగు వేసినా అగ్గిపెట్టెలాగే ఉంటుంది.

మౌంట్ బోర్డు వద్దు. ఒక పక్కన తడి పుట్టీ పెట్టగానే ఆ పక్క ఉబ్బుతుంది, ఆరాక అప్పడంలా వంగుతుంది. సన్‌బోర్డ్ నీళ్లు పీల్చదు. కాకపోతే దాని పైపొర నున్నగా ఉంటుంది, పుట్టీ పట్టదు. 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. మూలల్ని 45 డిగ్రీల్లో కోసి ఫెవిక్విక్‌తో అతకండి. అతికే ముందు మూలమట్టం పెట్టి చూడాలి. ఒక మూల ఒక డిగ్రీ తప్పితే కప్పు వేసే రోజున దూలం ఒక చివర ఎగిరి కూర్చుంటుంది.

ఇటుకలు గోడంతా గీయక్కర్లేదు. పెచ్చు ఊడే చోట మాత్రమే, అంటే అడుగునుంచి సుమారు 14 మి.మీ. వరకు, ఇంకా తలుపు చుట్టూ. ఒక్కో వరుస సున్నంతో కలిపి 3 అంగుళాలు, మోడల్‌లో 0.88 మి.మీ. అంత కొలుచుకుంటూ గీయడం కష్టం. 1 మి.మీ. గ్రాఫ్ కాగితం గోడ మీద అంటించి, దాని మీదనుంచే గీతలు నొక్కండి. పది వరుసలకి మిల్లీమీటరు పైచిలుకు తేడా వస్తుంది, ఎవరూ లెక్కపెట్టరు. సూదితో గీస్తే పైపొర చిరిగి నురుగు లేస్తుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్టీల్ స్కేలు ఆనించి, రెండుసార్లు నొక్కాలి. ఒక వరుసలో నిలువు గీతలు 2.6 మి.మీ. దూరంలో, దాని పై వరుసలో 1.3 మి.మీ. దూరంలో. పాత గోడల్లో ఒక వరుస పొడుగిటుక, ఒక వరుస అడ్డిటుక పేర్చేవాళ్లు.

టెక్కలి_కుర్రాడు

మాస్టారూ, పుట్టీ ముందా, ఇటుక రంగు ముందా? పుట్టీ ఆరేక సాకుతో గీకితే పొడిపొడిగా రాల్తంది గానీ పెచ్చు ఊడినట్టు రాట్లేదు. ఏటి సెయ్యాల?

సాలూరు_రైల్‌బస్

ఇటుక రంగే ముందు తమ్ముడూ. బర్న్ట్ సియెన్నాలో (ఎర్ర గోధుమరంగు) కొంచెం పసుపు ఓకర్, చిటికెడు తెలుపు. అక్కడక్కడ నాలుగు ఇటుకలు విడిగా ముదురు రంగు. ఆరాక పలచటి తెలుపు పూసి వెంటనే గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రం సున్నం నిలుస్తుంది.

తరవాత తెల్ల వాల్ పుట్టీ మూడు వంతులు, నీళ్లు ఒక వంతు, నాలుగు చుక్కల ఫెవికాల్. పాత ఏటీఎం కార్డు ముక్కతో పైనుంచి కిందికి 0.3 మి.మీ. మందాన పరవండి. ఒక్క పూతలో మిల్లీమీటరు దాటితే ఆరేటప్పుడు చెరువు అడుగులా బీటలిస్తుంది.

ఇక గీకడం ఎప్పుడంటే, వేలితో తాకితే అంటకూడదు, గోరుతో నొక్కితే గుంట పడాలి. మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ గనక ఆ దశకి అరగంట పైనే పట్టొచ్చు. అప్పుడు చాకు మొనని పుట్టీ కిందికి అడ్డంగా దూర్చి పైకి లేపండి. మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల పలకలుగా లేస్తుంది, అంచు నిలువుగా తెగి ఉంటుంది. ఆ తెగిన అంచు కింద సన్నటి నీడ పడుతుంది చూడండి, పెచ్చు అని కంటికి చెప్పేది ఆ నీడే. పచ్చిగా ఉంటే అలుక్కుపోతుంది, పూర్తిగా ఎండితే నువ్వు చెప్పినట్టే పొడి రాలుతుంది.

కళింగపట్నం_దీపస్తంభం

పెచ్చు ఎక్కడ ఊడాలో కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే తప్పుతున్నారు. గోడ అడుగు అంచునుంచే ఊడదీస్తారు. ఉప్పునేలలో చెమ్మ ఇటుకల్లోంచి పైకి పాకుతుంది. అడుగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పైకెక్కిన నీరు గాలికి ఎండే చోట ఉప్పు గడ్డకడుతుంది, ఆ స్ఫటికాలే పూతని వెనకనుంచి తోస్తాయి. కాబట్టి ఎక్కువ ఊడేది నేలకి కొంచెం పైన, అసలు గోడలో ఒక అడుగునుంచి మూడడుగుల మధ్య పట్టీ. మోడల్‌లో 3.5 మి.మీ. నుంచి 10.5 మి.మీ. దాకా. పట్టీ పై అంచు సాపుగా కాకుండా అలలుగా పోవాలి. ఆ అంచు వెంట తెల్లటి ఉప్పు పొడి గీత, దాని కింద ముదురు చెమ్మ మచ్చ. తెల్ల పేస్టల్ సుద్దని గరుకు కాగితం మీద రుద్ది ఆ పొడిని ఎండిన కుంచెతో అద్దితే చాలు.

అడుగున తారు పట్టీ పూసిన గోడ అయితే కథ మారుతుంది. తారు వెనక చెమ్మకి ఆరే దారి లేదు, ఇంకా పైకి పోతుంది. అప్పుడు పెచ్చులు తారు పట్టీకి సరిగ్గా పైన మొదలవుతాయి. నాకైతే ఈ గోదాముకి తారు పట్టీయే నప్పుతుంది.

నౌపడ762

తారు పట్టీ ఖాయం. 6 మి.మీ. ఎత్తు వేస్తాను, పెచ్చుల పట్టీ 6 నుంచి 14 దాకా. ఇటుకలు అంతవరకే గీసి ఉన్నాయి.

ఇప్పుడు కప్పు. బజారులో దొరికే ముడతల ప్లాస్టిక్ షీటు మందం ఈ స్కేలులో మరీ ఎక్కువ, చూరు అంచు దగ్గర తేలిపోతుంది.

ఇజీనారం_జంక్షన్

రేకు ఇంట్లోనే చేసుకోవచ్చు అన్నయ్యా. హోటళ్లలో కూర కట్టిచ్చే అల్యూమినియం డబ్బా అడుగు భాగం కత్తిరించండి. వంటింటి చుట్ట ఫాయిల్ మరీ పలచన, చెయ్యి తగిలితే ముడత చచ్చిపోతుంది.

ముడత వెయ్యడానికి ఎం5 బోల్టు, పొడుగునా మర ఉన్నది. దాని మర దూరం 0.8 మి.మీ. అసలు రేకు ముడత 3 అంగుళాలు, అంటే 76 మి.మీ.; 0.8ని 87తో గుణిస్తే 70 వస్తుంది. ఇంతకన్నా దగ్గర సరుకు హార్డ్‌వేర్ కొట్లో పది రూపాయలకి దొరకదు. సైకిల్ ట్యూబు ముక్క మీద ఫాయిల్ పరిచి, బోల్టుని రెండు చేతుల బొటనవేళ్లతో నొక్కుతూ ఒక్కసారే ముందుకి దొర్లించాలి. వెనక్కి దొర్లిస్తే గీత మీద గీత పడి పాడవుతుంది.

ఒక మెలిక ఉంది. బోల్టు మర మెలిదిరిగి ఉంటుంది కాబట్టి గీతలు దొర్లిన దిక్కుకి మూడు డిగ్రీలు వాలి పడతాయి. ఫాయిల్ అంచుని పట్టి కోస్తే 28 మి.మీ. రేకులో కింది చివరకి మిల్లీమీటరున్నర పక్కకి పోతుంది, అన్నీ పేర్చాక కప్పంతా ఒరిగినట్టు ఉంటుంది. అంచుని వదిలేసి గీత వెంటే స్కేలు పెట్టి కోయాలి.

కొలతలు: ఎనిమిదడుగుల రేకు 28 మి.మీ., ఆరడుగుల రేకు 21 మి.మీ., వెడల్పు 7.7. ఒక ముడత పక్క రేకు మీద ఎక్కితే కప్పేది 6.9. మీ షెడ్డుకి పక్కకి 3.5 చొప్పున చూరు వదిలితే పొడవు 145, అంటే వరుసకి 21 రేకులు. గోడ ముందుకి 7 మి.మీ. చూరుతో కలిపి వాలు పొడవు దాదాపు 46. కింద 28, పైన 21, మధ్యలో 1.7 ఎక్కింపు పెడితే 47 వస్తుంది, మిగిలింది మోపురేకు (కప్పు నడినెత్తిన మడిచి వేసే రేకు) కిందికి పోతుంది. రెండు వాలులకి 84 రేకులు. వంద కోసుకోండి, పదిహేను ఎలాగూ నలుగుతాయి.

పేర్చేది కింది వరుస ముందు, పైది తరవాత. పక్క ఎక్కింపు అన్నీ ఒకే దిక్కుకి. గాలి వచ్చే వైపు ఎక్కింపు నోరు ఉండకూడదు. సముద్రం తూర్పున ఉంది గనక తూర్పు రేకు పైన, పడమటి రేకు కింద. అసలు పనివాళ్లు అలాగే వేస్తారు.

టెక్కలి_కుర్రాడు

కప్పు మీద రెండు మూడు నీలం రేకులు పెడితే ఎలగుంటాది? తిత్లీ తుపానుకి ఎగిరిపోయిన చోటల్లా నీలం రేకులే ఏసేరు కదా.

ఇజీనారం_జంక్షన్

ఆలోచన మంచిదే గానీ కాలం కుదరదు తమ్ముడూ. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. నౌపడలో నేరో గేజ్ ఆగిపోయింది 2004లో. ఈ లేఅవుట్ 1980లది, దానికి నీలం రేకు నప్పదు. తుపాను గుర్తు కావాలంటే పాత తుప్పు రేకుల నడుమ మెరిసే కొత్త జింకు రేకులు మూడు పెట్టు. కప్పు మీద అడ్డంగా వెదురు బద్ద, చూరునుంచి వేలాడే తాడు, తాడు చివర రాయి. తాడుకి గోగునార పీచు ఒక్కటి మెలిపెడితే సరిపోతుంది, మన జిల్లాల్లో ఏ సంతలోనైనా దొరుకుతుంది.

నౌపడ762

దూలాలు, వాసాల గురించి కూడా రాసేస్తాను. సరుగుడు వాసాలు అసలు 11–12 సెంటీమీటర్ల లావు, మోడల్‌లో 1.3 మి.మీ. అగరుబత్తి పుల్ల దాదాపు అంతే. కాల్చని పుల్లని నీళ్లలో నానబెట్టి మసాలా కడిగేస్తే గుండ్రటి వెదురు పుల్ల మిగులుతుంది. వాసాల మీద అడ్డపట్టీలు 14 మి.మీ. దూరంలో, అసలు కొలతలో 1.2 మీటర్లు. ఈ 14 గుర్తుపెట్టుకోండి, మేకులు పడేది ఈ గీతల మీదే.

తలుపు చెక్కలకి ఐస్‌క్రీం పుల్ల చీల్చి 1.7 మి.మీ. వెడల్పు బద్దలు. ఇత్తడి కుంచెతో చెక్క నార వెంట గీకి, స్పిరిట్‌లో కలిపిన నల్ల ఇండియన్ ఇంకు పూయాలి. అతికే ముందే పూయాలి. జిగురు అంటిన చోట ఇంకు దిగదు, తెల్ల మచ్చలు ఉండిపోతాయి.

కళింగపట్నం_దీపస్తంభం

తుప్పు. రేకు మొత్తం గోధుమరంగు కొట్టేస్తే అది తుప్పు కాదు, రంగు. జింకు పూత ముందుగా పోయేది మూడు చోట్ల: మేకు కొట్టిన బెజ్జం, కోసిన అంచు, రేకు మీద రేకు ఎక్కిన చోటు. మూడోది ముఖ్యం. ఆ సందులో నీరు పీల్చుకుని రోజుల తరబడి ఆరదు.

మేకు ముడత శిఖరం మీద కొడతారు, గాడిలో కాదు. గాడిలో కొడితే వాననీరు నేరుగా లోపలికి దిగుతుంది. కాబట్టి తుప్పు చుక్క శిఖరం మీద మొదలై, పక్కకి జారి గాడిలో చేరి, గాడి వెంట కిందికి పారాలి. మోడళ్లలో చాలావరకు చార శిఖరం మీదే నిటారుగా దిగుతుంది. నీరు ఎత్తు మీద పారదు కదా.

పని వరస ఇది. అల్యూమినియానికి మెటల్ ప్రైమర్ తప్పనిసరి, లేదంటే అక్రిలిక్ గోరుతో ఊడుతుంది. దాని మీద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), స్పాంజి ముక్కతో అద్దకం, ఆరాక అక్కడక్కడ బర్న్ట్ సియెన్నా. నారింజ ఆఖరున, కొత్త తుప్పుకి మాత్రమే, మేకు పక్కన సూది మొనంత. పాత తుప్పు ముదురు, కొత్త తుప్పు వెలుగు. ఈ వరస తిరగబడితే కప్పు మంటలా కనిపిస్తుంది.

ఇక ఉప్పు పద్ధతి. తుప్పు రంగు ఆరాక నీటితో తడిపి, దంచిన ఉప్పు గుత్తులుగా చల్లండి. ఎండాక పైన జింకు బూడిదరంగు పలచగా స్ప్రే. ఆరాక గట్టి కుంచెతో ఉప్పు రాల్చేస్తే కింద తుప్పు చిరిగిన అంచులతో బయటపడుతుంది. దీనికి మడి ఉప్పు వాడొద్దు. అందులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, గాలిలో చెమ్మ లాగి చల్లిన చోటే కరిగిపోతుంది. పొట్లం ఉప్పు కొంచెం మేలు. రాల్చాక కప్పుని మంచినీళ్లలో రెండుసార్లు కడగాలి. ఒక్క రేణువు మిగిలినా వానాకాలంలో వార్నిష్ కింద తెల్లగా ఉబ్బుతుంది.

మ్యాట్ వార్నిష్ ముసురు రోజున కొట్టకండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలో తేమ దాని మీద చేరుతుంది, కప్పంతా పాలు ఒలికినట్టు అవుతుంది. ఎండ కాసే మధ్యాహ్నం చూసుకోండి.

టెక్కలి_కుర్రాడు

నిజం తుప్పే పట్టించొచ్చు కదా? వెనిగర్లో గిన్నెల పీచు నానేసేను. వారం అయినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

కళింగపట్నం_దీపస్తంభం

గిన్నెలు తోమే మెరుపు పీచు స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు, అదే కారణం. వడ్రంగులు వాడే స్టీల్ ఊలు కావాలి. అది నానిన నీళ్లు చెక్క మీద బాగా పనిచేస్తాయి, తలుపుకి వాడు. అల్యూమినియం రేకు మీద పోస్తే ఉపయోగం లేదు.

చిల్లులు పడ్డ రేకు కావాలంటే ఫెర్రిక్ క్లోరైడ్‌తో అల్యూమినియాన్ని కరిగిస్తారు. పిల్లలున్న ఇంట్లో వద్దని నా గట్టి మాట. అల్యూమినియం పడగానే సలసల కాగుతుంది, హైడ్రోజన్ వస్తుంది. చేసేవాళ్లు ఆరుబయట, గ్లౌజులు, కళ్లద్దాలతో, ఒకసారికి ఒక్క రేకు మాత్రమే, ప్లాస్టిక్ గిన్నెలో, ప్లాస్టిక్ పటకారుతో. బుడగ లేవగానే తీసి వంటసోడా నీళ్లలో ముంచాలి. ఈ షెడ్డుకి అలాంటి రేకులు మూడు నాలుగు చాలు. వాటిని సూదితో పొడిచి అంచు చింపినా ముప్పాతిక పని అవుతుంది.

ఆమదాలవలస_పాయింట్స్

అరుగు గురించి ఎవరూ రాయలేదు. అరుగు ఎత్తు పుస్తకంలో వెతక్కండి, మీ వ్యాగన్ పట్టాల మీద నిలబెట్టి దాని అడుగుచెక్క ఎత్తు కొలిచి అంతే పెట్టండి. బస్తా మోసేవాడు ఎక్కకుండా దిగకుండా నడిచిపోవాలి. అంచుని పట్టాల నడిమి గీతకి 16 మి.మీ. దూరంలో తాత్కాలికంగా ఆనించి, మీ దగ్గరున్న అన్నిటికన్నా వెడల్పైన బండిని చేత్తో తోయండి. సైడింగ్ మొదట్లో వంపు ఉంటే అక్కడ బండి మూల బయటికి వస్తుంది. బండికి పెన్సిల్ కట్టి తోస్తే ఎంత తగులుతుందో గీత పడుతుంది. ఆ తరవాతే జిగురు.

లోపల దీపం పెట్టేవాళ్లకి: సన్‌బోర్డ్ వెలుగుని ఆపదు. లోపల రెండు పూతలు నలుపు వేయకపోతే రాత్రి గోడంతా పేపరు లాంతరులా వెలుగుతుంది. 12 వోల్టుల సరఫరాకి వామ్ వైట్ ఎల్‌ఈడీ, 10 కిలో ఓమ్ రెసిస్టర్. మిల్లీ ఆంపియర్ కూడా పోదు, లాంతరు వెలుగంతే వస్తుంది. 1 కిలో ఓమ్ పెడితే పెళ్లి పందిరి అవుతుంది.

నౌపడ762

బస్తాలకి ఎం-సీల్ రెండు ముద్దలూ సమానంగా పిసికి, 10 × 6 × 3 మి.మీ. దిండ్లు చేసి, పచ్చిగా ఉండగా కట్టు కట్టే గాజుగుడ్డ నొక్కుతున్నాను. గోనె నేత అచ్చు పడుతుంది. కింది వరుస బస్తాలు పై బరువుకి నలిగి వెడల్పుగా ఉండాలి గనక పేర్చాక వేలితో ఒత్తాలి. ఉప్పు రాశికి నిజం ఉప్పు వాడదామా అనుకున్నా గానీ పట్టాల పక్కన పెట్టడానికి ధైర్యం చాలడం లేదు.

ఆమదాలవలస_పాయింట్స్

వాడొద్దండి. చెమ్మ లాగి పట్టాలని తినేస్తుంది. ముగ్గుపిండి జల్లించి వాడండి, పలచటి ఫెవికాల్ మీద రెండు పొరలు. రాశి అడుగున కొంచెం బూడిదరంగు, మడి బురద అంటుకున్నట్టు.

నేలకి సముద్రపు ఇసక కూడా వద్దు. భావనపాడు, కళింగపట్నం వైపు తీరం ఇసకలో నల్ల చారలుంటాయి. ఇల్మెనైట్, మాగ్నటైట్, గార్నెట్ కలిసిన ఇసక అది. మాగ్నటైట్ రేణువులు ఇంజను మోటారు అయస్కాంతానికి ఎగిరి అంటుకుంటాయి, గేర్లలో చేరితే బండి గరగరమంటుంది. ఏ మట్టి తెచ్చినా కడిగి, ఎండబెట్టి, టీ జల్లెడ పట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని మూడుసార్లు తిప్పండి. సంచి విప్పితే నల్లపొడి దానంతటదే రాలుతుంది.

సాలూరు_రైల్‌బస్

ఆఖరికి షెడ్డుని నేల మీద పెట్టడం. ఇది తప్పితే ఇంత పనీ బల్ల మీద పెట్టిన బొమ్మలా ఉంటుంది. గోడల అడుగున 2 మి.మీ. ఎక్కువ వదిలి కోసి ఉంటే బేస్‌బోర్డులో అంత లోతు గాడి తీసి దించండి. వదలకపోతే నేలనే 2 మి.మీ. పైకి తెండి. అప్పుడు తారు పట్టీ కొలత నేలనుంచి మళ్లీ చూసుకోండి. మట్టిని గోడ దాకా తోసి, ఒక వంతు ఫెవికాల్‌కి మూడు వంతుల నీళ్లు, చుక్క గిన్నెల సబ్బు నీరు కలిపి సిరంజితో వదలండి. సబ్బు లేకపోతే చుక్కలు మట్టి మీద ముత్యాల్లా దొర్లుతాయి, లోపలికి దిగవు.

ఈ షెడ్డుకి నీటి గొట్టం లేదు, చూరు నీళ్లు నేరుగా నేల మీద పడతాయి. చూరు 7 మి.మీ. బయటికి వస్తుంది కాబట్టి గోడనుంచి 7 మి.మీ. దూరంలో, గోడకి సమాంతరంగా, మట్టి పచ్చిగా ఉండగా సన్నటి గాడి తీయండి. రేకు గాడికొక చుక్క చొప్పున చిన్న గుంటలు పడేలా సూది మొనతో తట్టండి, 0.8 మి.మీ. దూరంలో. అక్కడినుంచి చిందిన బురద తారు పట్టీ మీద 3.5 మి.మీ. ఎత్తు దాకా నేల రంగులోనే చుక్కలుగా ఉండాలి. పక్కగోడలకి చూరు నీళ్లు పడవు, అక్కడ గాడీ వద్దు, బురదా వద్దు. ఉత్తరపు గోడ అడుగున మాత్రం ముదురాకుపచ్చ పాకుడు పెట్టండి.

నౌపడ762

రేకు గాడికొక చుక్క! చూరు కింద 21 రేకులు, రేకుకి ఎనిమిది తొమ్మిది గుంటలు. ఈ ఆదివారం రెండో వాలు రేకులు పేర్చి, ఆ తరవాత నేల పని మొదలుపెడతాను. ఇజీనారం అన్నయ్యా, మోపురేకుకి కూడా ఫాయిలేనా, లేక పలచటి కార్డు మడతపెట్టనా?

ఇజీనారం_జంక్షన్

ఫాయిలే. ముడత లేకుండా, 5 మి.మీ. పట్టీ, మధ్యలో స్కేలు అంచు మీద మడవండి. ఎనిమిదడుగుల ముక్కలుగా, అంటే 28 మి.మీ. చొప్పున కోసి ఒకదాని మీద ఒకటి మిల్లీమీటరు ఎక్కించండి. ఒకే పొడుగు ముక్క వేస్తే అతుకు కనబడదు, అతుకుల దగ్గరే కదా తుప్పు పెట్టాల్సింది.